మూడో తీగ

ఆల్డ్‌హోర్న్ కాలవ మీది లేపుడు వంతెనకు ముప్పై తొమ్మిదేళ్లుగా ఒక ఇనుప బీరువాయే బుర్ర. వంతెన పక్కనున్న గాజు గదిలో, కాఫీ గిన్నెకూ కిటికీకీ మధ్య, ఆకుపచ్చ రంగు వేసుకుని నిలబడి ఉంటుంది. తలుపు తీస్తే లోపల వరసలు వరసలుగా రిలేలనే కరెంటు మీటలు, వాటి వెనక జడ అల్లినట్టు తీగలు. తెరచాప పడవ ఏదైనా వచ్చి కూత పెట్టిందంటే ఆ బీరువా కాసేపు తనలో తాను టకటకా గొణుక్కుని, అన్నీ సరిపోయాయనుకున్నాకే వంతెనను లేవనిస్తుంది. వంతెన కాపలా చూసే ఆల్ట్యె దాన్ని మా అత్తగారు అంటుంది. ఓ పట్టాన దేనికీ ఒప్పుకోదు, ఒప్పుకుందంటే మళ్లీ మాట మార్చదు అని ఆమె కితాబు.

ఆ అత్తగారి నోరు మొన్న బుధవారం మూతపడింది. తీగలన్నీ విప్పేసి, పక్కనే గోడకు రొట్టె అంత తెల్లటి పెట్టె ఒకటి బిగించారు. అది గొణగదు, నసగదు. శనివారం మిట్టమధ్యాహ్నం ఆల్ట్యె బల్ల మీది తాళాన్ని చివరిసారి తిప్పితే వంతెన నగరంలో తెరల ముందు కూర్చునే మనిషి చేతిలోకి వెళ్లిపోతుంది. ఇరవై ఆరేళ్లు ఆ గదిలో కూర్చున్న ఆల్ట్యె ఇంటికి వెళ్లిపోతుంది. తెల్ల పెట్టె ఎలా ఆలోచించాలో రాసిపెట్టింది మాత్రం రిక్స్ట్. వంతెనల ఆఫీసు ఇంజనీరమ్మ, ముప్పై నాలుగేళ్ల మనిషి, చేతిలో ఎప్పుడూ పెన్సిలుంటుంది, తన పని తనకు బాగా వచ్చునన్న ధీమా కొంచెం ఎక్కువే.

లేచిన వంతెనను పైన నిలబెట్టే కొక్కెం ఒకటుంది. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతసేపే అది నిలుస్తుంది. ఎవరూ పట్టుకోలేదంటే వంతెన దానంతటదే దిగి కూర్చుంటుంది, దిగడం మొదలుపెట్టాక ఎవరు బతిమాలినా మధ్యలో ఆగదు. డాక్టరు బండి కాలవ అవతల ఇరుక్కుపోకూడదని పాతవాళ్లు అలా కట్టారు. పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. తాళం 'ఇక్కడ' అన్న వైపు ఉండి, గదిలో ఆల్ట్యె కాలు పెడలు మీద ఉంటే మొదటి దారి. లేదా తాళం 'అక్కడ' అన్న వైపు ఉండి, అక్కడి మనిషి తన మీట నొక్కి ఉంటే రెండో దారి. 'అక్కడ' అంటే ఒకప్పుడు కాలవ చివరి తూము ఇల్లు, ఇప్పుడు నగరం.

అంతటితో అయిపోవాలి. కానీ పాత బీరువాలో మూడో తీగ కూడా ఉంది. దానికి తాళంతో పనే లేదు. ఇక్కడి పెడలూ అక్కడి మీటా రెండూ నొక్కి ఉంటే చాలు, తాళం మొహం చూడకుండానే అది కూడా కొక్కేన్ని పట్టుకుంటుంది.

దాన్ని చూసినప్పుడు రిక్స్ట్‌కు ముద్దొచ్చింది. ఇద్దరూ పట్టుకుని ఉన్నప్పుడు తాళం ఎటుంటే అటు తీగ ఎలాగూ పనిచేస్తూనే ఉంటుంది, మూడోది ఎందుకట? తాళం ఇక్కడ ఉండాలి, ఇక్కడ కాకపోతే అక్కడ ఉండాలి. మూడు అక్షరాలు పెట్టి, మరియులూ లేదాలూ కాదులూ కూర్చి, రాసి చూసింది. అవునూ కాదులు ఎన్ని రకాలుగా కలిసినా ఎనిమిదే వరసలు. మూడో తీగ ఉన్నా లేకపోయినా ఎనిమిదింటికీ ఒకటే జవాబు వచ్చింది. పెన్సిలుతో మూడో గీతను కొట్టేసింది. ఆఫీసులో ఆ కాగితాన్ని గోడకు అంటించి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నందుకు ఆనవాయితీ ప్రకారం కేకు తనే తెచ్చి అందరికీ పంచింది.

ఆ మూడో తీగ వేసింది వొబ్బె.

పందొమ్మిదేళ్ల వయసులో రిక్స్ట్ పనిలో చేరినప్పుడు ఆయన ఆమెకు పుస్తకం చూపించలేదు, కట్ట మీదికి తీసుకెళ్లాడు. కింద పచ్చిక బయళ్ల నిండా కాలవలు, వాటికి చిన్న చిన్న చెక్క తూములు. ఒక తూము వెనక ఇంకో తూము ఉందనుకో, రెండూ తెరిస్తేనే నీళ్లు పోతాయి, అది మరియు అన్నాడు. కాలవ రెండుగా చీలి దిబ్బకు అటూ ఇటూ పోయి మళ్లీ కలిసిందనుకో, ఏ ఒక్కటి తెరిచినా చాలు, అది లేదా అన్నాడు. నొక్కితే మూసుకునే తూమొకటి చూపించి, ఇది పెంకిది, దీని పేరు కాదు అన్నాడు. పిల్లా, ఈ మూడే ఉన్నాయి లోకంలో, మిగతావన్నీ వీటి పిల్లలే అని కూడా అన్నాడు. ఆ పూటంతా ఇద్దరూ తూములు తెరుస్తూ మూస్తూ తిరిగారు. ఎవరి పొలమో మడమల లోతు మునిగింది, తిట్లు కూడా తిన్నారు.

అప్పటినుంచి రిక్స్ట్‌కు ఆ నేల మామూలు నేలలా కనిపించడం మానేసింది. రైల్లో పోతూ కిటికీకి తల ఆనించిందంటే, కాలవలు చీలుతూ కలుస్తూ ఏదో ఆలోచిస్తున్నట్టే తోచేది. మబ్బు పట్టి, గాలి లేకపోతే, కొంగలు వస్తాయి. ఎండ కాసినా గాలి తిరిగినా రావు. కొంగలు ఎగిరిపోయేదాకా ఆమె ఆ లెక్కలోనే ఉండేది, దిగాల్సిన స్టేషను దాటిపోయేది.

కిందటి చలికాలం వొబ్బెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మిగిలినవి రెండే మాటలు, అవును, కాదు. అవి కూడా ఒక్కోసారి ఒకదాని బదులు ఇంకొకటి వచ్చేవి. ఆయన అవును అనబోతే నోటికి కాదు వచ్చేది, అది తప్పని ఆయనకే తెలిసి కళ్లలో నీళ్లు తిరిగేవి. జీవితమంతా అవునూ కాదులతోనే పనిచేసిన మనిషికి దేవుడు అవి రెండే మిగిల్చి, వాటిని కూడా తారుమారు చెయ్యడం రిక్స్ట్‌కు ఎంతమాత్రం నచ్చలేదు. ఆ సంగతి ఆమె పాస్టరు మొహం మీదే అనేసింది.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. మర్నాటి వేడుకకు పిలవాలన్నది ఒక కారణం. గోడకు అంటించిన కాగితం నకలును గురువుకు కూడా చూపించుకోవాలన్నది రెండోది, అది ఆమె పైకి ఒప్పుకోదు.

వొబ్బె కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన తల పైన గోడకు పాత ఫొటో ఉంది, కుర్రతనంలో గడతో కాలవ దూకే పందెంలో తీసింది. గడ నిట్టనిలువుగా నీళ్ల మధ్యన నిలబడి ఉంటుంది, దాని కొసన కోతిలా వొబ్బె. అవతలి గట్టు మీద పడ్డాడా, నీళ్లలో పడ్డాడా అని చూసినవాళ్లందరూ అడిగేవారు. మాట ఉన్న రోజుల్లో కూడా ఆయన చెప్పలేదు.

రిక్స్ట్ బల్ల మీద కాగితం పరిచి, ఎనిమిది వరసలూ చూపించి, కొట్టేసిన గీత దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎడమచేతి వేలు దాని మీద వాలింది.

"కాదు" అన్నాడు వొబ్బె.

"అది అక్కర్లేదు ఓమ్కె. లెక్క చూశాను, సరిపోయింది" అంది. ఊరి పెద్దవాళ్లందరినీ ఆమె అలాగే పిలుస్తుంది, బాబాయి వరస.

"కాదు." వేలు కదల్లేదు.

ఇక ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. వానకు తడిసిపోతుందనా అని అడిగితే కాదన్నాడు. పిడుగు పడుతుందనా అంటే కాదన్నాడు. ఒక తీగ తెగితే ఇంకోటి ఉంటుందనా అంటే ముందు అవునన్నాడు, తల విదిలించి కాదన్నాడు. వంతెన కోసమా, మనుషుల కోసమా అని అడిగితే గంభీరంగా అవునన్నాడు. లేదా పెట్టి అడిగితే అవునే వస్తుంది మరి, ఆ పాఠం ఆమెకు నేర్పింది ఆయనే. రిక్స్ట్‌కు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గు కూడా వేసింది. పెద్దాయనకు తను పెట్టిన తీగ మీద మమకారం ఉండడంలో వింతేముంది అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడం గురించి ఆమె తరవాత చాలాకాలం బాధపడింది.

వొబ్బె ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తరవాత లేచి, కర్ర ఊతంతో అల్మరా దాకా వెళ్లి, చనిపోయిన భార్య నీలిపువ్వుల కప్పులు తీశాడు. అవి వాళ్ల పెళ్లినాటివి, పండగలకు తప్ప బయటికి రావు. ఎడమచేత్తోనే కాఫీ పోశాడు. కప్పున్న సాసరు ఆమె వైపు చాచాడు.

రిక్స్ట్ పట్టుకుంది. ఆయన వదల్లేదు. పట్టుకున్నానని చెప్పినా వదల్లేదు. సాసరు ఇద్దరి చేతుల మధ్యా ఉండిపోయింది, కాఫీ మీది ఆవిరి ఇద్దరి మధ్యా లేస్తోంది. అప్పుడు నెమ్మదిగా ఆయన తన వేళ్లు తీసుకున్నాడు. ఆమె కప్పు కింద పెట్టబోతే మళ్లీ తీసుకుని మళ్లీ ఆమె వైపు చాచాడు. ఈసారి ఆమె చెయ్యి ఇంకా దారిలో ఉండగానే వదిలేశాడు.

కప్పు బల్ల అంచుకు తగిలి, నేల మీద పడి నాలుగు ముక్కలైంది. కాఫీ సగం ఆమె కాగితం మీద పడింది.

చెయ్యి పట్టు తప్పిందనుకుని రిక్స్ట్ గుడ్డ కోసం పరిగెత్తింది. మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరుతూ, ఫరవాలేదు ఓమ్కె, ఫరవాలేదు అంటూనే తలెత్తి చూసింది. వొబ్బె మొహంలో పొరపాటు చేసిన మనిషి కంగారు లేదు. భార్య కప్పును కావాలని పగలగొట్టిన మనిషి దిగులుంది. ఆయన వెనక గోడ మీద గడ నీళ్ల నడుమ నిలబడి ఉంది, ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదు.

తాళం, అనుకుంది రిక్స్ట్.

తాళం ఇక్కడి నుంచి అక్కడికి ఒక్కసారిగా దూకదు. ఇనుము కదా, తిరగాలి. ఈ కాంటాక్టును వదిలి ఆ కాంటాక్టును అందుకునేలోగా, రెప్పపాటే కావచ్చు, అది ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. ఇక్కడ కాదు అంటే అక్కడే అని ఆమె కాగితం మీద రాసుకుంది. కాగితం మీద అది నిజం. వంతెన మీద కాదు. ఆ రెప్పపాటులో మొదటి దారి ఆల్ట్యె కాలిని నమ్మదు, రెండో దారి నగరం మీటను నమ్మదు. ఇద్దరూ గట్టిగా పట్టుకునే ఉంటారు, అయినా వంతెన చెయ్యి జారుతుంది. మూడో తీగ ఉన్నది ఆ రెప్పపాటు కోసమే. ఎనిమిది వరసల్లో ఎక్కడా ఆ వరస లేదు.

"ఇద్దరూ పట్టుకుని ఉండగానే చేతులు మారాలి. అదేనా ఓమ్కె?"

 తప్పు మాట వస్తుందేమోనని వొబ్బె భయపడి నోరు గట్టిగా మూసుకున్నాడు. తల మాత్రం ఊపాడు.

 మామూలు రోజుల్లో వంతెన దించి ఉండగానే తాళం తిప్పుతారు, కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. రేపు అలా కాదు. కాపలా చేతులు మారేటప్పుడు తెరచాప పడవ ఒకటి వంతెన కింద ఉండగా తాళం తిప్పడం ఆ కాలవ ఆనవాయితీ, సగం పాత కాపలాలో, సగం కొత్త కాపలాలో దాటాలట. రేపటి పడవలో బడి పిల్లలు పదహారు మంది ఎక్కుతున్నారు.

గుడ్డ అక్కడే వదిలేసి, కప్పు ముక్కలూ కాగితమూ జేబులో కుక్కుకుని సైకిలెక్కింది. వేసవి పొద్దు కదా, ఇంకా బోలెడు వెలుగుంది. పచ్చిక మీంచి పొగమంచు మాత్రం మోకాలెత్తున లేచి, ఆవులు కాళ్లు లేకుండా తేలుతున్నట్టున్నాయి. కట్ట మీద తొక్కుతుంటే కింద తూములన్నీ మంచులో మునిగిపోయాయి, ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో తెలియడం లేదు. అవునుకూ కాదుకూ నడుమ ఇంత చోటు ఉంటుందని ఇన్నేళ్లూ తనకు తోచనేలేదు. లోకమంతా ఆ నడిమి చోటులోనే నానుతున్నట్టూ, తనొక్కతే ఎనిమిది గళ్ల కాగితం పట్టుకుని గట్టు మీద నిలబడ్డట్టూ అనిపించింది. భయంలో కూడా అది అందంగా ఉంది, దానికి ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

ఆల్ట్యె గదిలో సామాన్లు సర్దుకుంటోంది. రిక్స్ట్ ఆయాసపడుతూ సంగతి చెప్పింది. కాలవ మీద ఒక్క పడవ లేదు. నగరానికి ఫోను చేసి మీట నొక్కి పట్టుకోమన్నారు, అవతలి మనిషి పట్టుకున్నానన్నాడు. ఆల్ట్యె పెడలు తొక్కింది. వంతెన మంచులోంచి లేచి ఆకాశానికి ఆనుకుంది.

"ఇప్పుడు తాళం తిప్పు. నీ మామూలు పద్ధతిలోనే" అంది రిక్స్ట్.

"నా పద్ధతంటే నత్తనడకేనమ్మాయ్. తొందరగా తిప్పితే అత్తగారికి కోపమొచ్చేది" అంది ఆల్ట్యె, తిప్పింది.

చప్పుడేమీ కాలేదు. తాళం మధ్యకు వచ్చిందో లేదో, అంత పెద్ద వంతెన నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలి, నింపాదిగా కిందికి దిగింది. మంచును రెండుగా చీల్చి, తన చోట తను కూర్చుంది. 

"నేను కాలు తియ్యలేదే" అంది ఆల్ట్యె చివరికి. ఫోనులోంచి నగరం మనిషి కూడా అదే మాట అంటున్నాడు, తను వదల్లేదని.

"మీరిద్దరూ వదల్లేదు. నేనే వదిలేశాను" అంది రిక్స్ట్.

ఆ మాటే ఆమె పై అధికారికి ఫోను చేసి చెప్పింది. ఆయన ముందు నమ్మలేదు. ఎనిమిది వరసలూ పరీక్షించాం కదా, తొమ్మిదోది ఎక్కడుంది అన్నాడు. వంతెన దిగిపోయిందని విన్నాక నమ్మాడు. తరవాత, పడవ దాటిపోయాక తాళం తిప్పిస్తే గొడవే ఉండదు, ఎవరికీ తెలియదు కూడా అని మెల్లగా అన్నాడు. ఆ మాట రిక్స్ట్‌ను ఒక్క క్షణం ఊరించింది. గోడ మీది కాగితం, కేకు, చప్పట్లు అన్నీ కళ్లముందు మెదిలాయి. కానీ నీలిపువ్వుల కప్పు ముక్కలు ఇంకా ఆమె జేబులోనే ఉన్నాయి, పారెయ్యడానికి చేతులు రాలేదు. ఆ తప్పు తన పేరు మీదే రాసుకోమంది, గోడ మీది కాగితాన్ని తనే చింపుతానంది.

కాఫీ మరక పడ్డ కాగితం మీద, కొట్టేసిన గీత కిందే, మళ్లీ రాసింది. ఇక్కడి పెడలూ మరియు అక్కడి మీటా. తెల్ల పెట్టెకు ఆ మూడో మాట నేర్పింది. ఆల్ట్యె, తనూ కలిసి వంతెనను ఇరవైసార్లు లేపి, తాళాన్ని మధ్యలో ఆపి చూశారు. ఇరవైసార్లూ వంతెన మంచు పైన కదలకుండా నిలబడింది.

శనివారం ఎండ కాసింది. గట్ల మీద ఊరంతా ఉంది, బాకాల వాళ్లు ఉన్నారు, సైకిళ్లకు కాగితం జెండాలున్నాయి. రిక్స్ట్ వొబ్బెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, గాజు గది కనిపించేలా వంతెన పక్కన నిలబెట్టింది. లోపల ఆల్ట్యె ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, కాలు పెడలు మీద పెట్టి, చెవి దగ్గర ఫోను పట్టుకుని ఉంది, అవతల నగరం మనిషి మీట నొక్కే ఉంచాడు. వంతెన లేచింది. గోధుమరంగు తెరచాపతో పడవ నీళ్ల మీద అలికిడి లేకుండా వచ్చింది, పిల్లలు పదహారు మందీ మెడలు వెనక్కి వంచి పైకి చూస్తున్నారు. పడవ తెరచాప స్తంభం సరిగ్గా వంతెన రెక్క కిందికి వచ్చింది.

ఆల్ట్యె తాళం తిప్పసాగింది. సగం తిప్పి ఆగిపోయింది.

కావాలని ఆపలేదు. చెయ్యి కదల్లేదంతే. ఇరవై ఆరేళ్ల చెయ్యి. రిక్స్ట్‌కు గాజులోంచి ఆమె భుజాలు వణకడం కనిపించింది. తాళం ఇక్కడా లేదు, అక్కడా లేదు. బాకాలు ఆగిపోయాయి. పిల్లల తలల మీద అంత బరువు, మూడో తీగ తప్ప దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. రిక్స్ట్ ఊపిరి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. వంతెన కదల్లేదు.

అప్పుడు ఆల్ట్యె ముక్కు చీదుకుని, తాళాన్ని చివరిదాకా తిప్పి, పెడలు మీంచి కాలు తీసేసింది. పడవ అవతలి ఎండలోకి వెళ్లిపోయింది. గట్ల మీద చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లు మూడో తీగకు కూడా చెందుతాయని తెలిసింది ఆ ముగ్గురికే.

రిక్స్ట్ చూసుకుంటే వొబ్బె ఎడమ చెయ్యి తన గుప్పిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకు తెలియదు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"వదలనా ఓమ్కె?"

"అవును" అన్నాడు వొబ్బె.

వేళ్లు మాత్రం తియ్యలేదు. రిక్స్ట్ కూడా తియ్యలేదు. వంతెన దిగి, జనం ఇళ్లకు పోయేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.